హాలీ సిక్కా నుంచి సేకరణ పెట్టె దాకా: మంజీరా తీరంలో పాత నాణెం లాభనష్టాలు

వ్యాససంగ్రహం: నాణేల సేకరణలో లాభనష్టాలను గురించి తెలుగులో వచ్చే రాతలు ఎక్కువగా ధరల పట్టికల దగ్గరే ఆగిపోతాయి. హైదరాబాదు రాజ్యపు హాలీ సిక్కాను, నిజాంసాగర్ ప్రాంతాన్ని ఆధారంగా తీసుకొని, ఒకే వెండి నాణెం చెలామణి ధర, లోహపు ధర, సేకరణ ధర అనే మూడు దశలను ఎలా దాటిందో, ఒక్కో దశలో లాభం ఎవరికి చేరిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: హాలీ సిక్కా, ఉస్మానియా సిక్కా, కల్దార్, బట్టా, నిజాంసాగర్, నిక్షేప చట్టం, కోటిలింగాల.

ఉపోద్ఘాతం

మంజీరా నదిపై అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల నడుమ నిజాంసాగర్ ఆనకట్ట 1923లో మొదలై 1931లో పూర్తయింది. ముఖ్య ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పేరును, ముంపుకు గురైన నలభై ఊళ్ళను, కాలువల కింద సాగైన చెరకును గురించి చరిత్రకారులు రాశారు. ఆ పని జరిగిన నాణెం మీద మాత్రం చూపు పెద్దగా పడలేదు. కూలీ, శిస్తు, ప్రభుత్వ పద్దులు అన్నీ నడిచింది బ్రిటిష్ ఇండియా రూపాయిలో కాదు, హైదరాబాదు సొంత రూపాయిలో. కాగితాల మీద దాని పేరు ఉస్మానియా సిక్కా, జనం నోట హాలీ సిక్కా. 'హాలీ' అంటే ప్రస్తుతం నడుస్తున్నది. నడుస్తున్నదని పేరు పెట్టుకున్న నాణెం ఇప్పుడు నడవకపోవడం వల్లనే విలువ సంపాదించుకుంది.

నిజాంసాగర్, ఎల్లారెడ్డి, కామారెడ్డి ప్రాంతపు పాత ఇళ్ళలో చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయి కనిపించడం ఇప్పటికీ అరుదేమీ కాదు. 'దీనికి ఎంత వస్తుంది సార్?' అన్నది విద్యార్థులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఆ రూపాయిలో ఏముందో తెలియాలి.

ఏడుకు ఆరు

హైదరాబాదు రూపాయికీ బ్రిటిష్ ఇండియా రూపాయికీ మారకం లెక్క ఏడుకు ఆరు. నూరు ఇంగ్లీషు రూపాయలకు హాలీలో నూట పదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైలు. ఇంగ్లీషు రూపాయిని తెలంగాణలో 'కల్దార్' అనేవారు, యంత్రం మీద తయారైనదని అర్థం. హైదరాబాదు నాణెం కూడా యంత్రం మీదికి ఎక్కిన తరువాత సైతం కల్దార్ అన్న పేరు ఇంగ్లీషు రూపాయికే మిగిలిపోయింది.

ఈ ఏడుకు ఆరు పాలకుల ఇష్టం కొద్దీ పుట్టిన లెక్క కాదని తూకం చూస్తే తెలుస్తుంది. కల్దార్ రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో పన్నెండు పాళ్ళకు పదకొండు పాళ్ళు వెండి, అంటే సుమారు 10.69 గ్రాములు. తొలి చార్మినార్ రూపాయి బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం, అంటే సుమారు 9.14 గ్రాములు. ఏడు హాలీ రూపాయల్లో 64 గ్రాముల వెండి ఉంటే, ఆరు కల్దార్లలో 64.15 గ్రాములు ఉంది. తేడా అర గ్రాములో మూడో వంతు కూడా లేదు. ఆ మారకపు రేటును నిలబెట్టింది నాణెంలోని వెండి. పాత నాణెం ధరను గురించిన ఏ చర్చ అయినా ఇక్కడ మొదలుకావాలి. లోహం కింది గట్టు, సేకరణ విలువ దానిపై కట్టిన గోడ. గోడ కూలినా గట్టు మిగులుతుంది. రాగి, నికెల్ నాణేలకు ఆ గట్టు కూడా లేదు.

షరాబు లాభం

నాణెంతో లాభం చేసుకోవడం అభిరుచిగా మారకముందు వృత్తిగా ఉండేది. పందొమ్మిదో శతాబ్దంలో హైదరాబాదు రాజ్యంలో నడిచిన రూపాయి ఒకటి కాదు. గద్వాల, నారాయణపేట, శోరాపూర్ వంటి చోట్ల వేరువేరు టంకశాలలు ఉండేవి. ఒక చోటి రూపాయి మరొక చోట అదే విలువకు చెల్లేది కాదు. ఆ తేడాను లెక్కగట్టి కోసుకునే సొమ్ముకే బట్టా అని పేరు. రైతు ధాన్యం అమ్మగా వచ్చిన రూపాయి ఒకటి, శిస్తుకు సర్కారు అడిగే రూపాయి మరొకటి. నడుమ షరాబు కూర్చునేవాడు. నాణెం మోగించి, గీకి, తూచి, పాతదని, అరిగినదని చెప్పి కోత పెట్టడం అతని విద్య. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో (1853–1883) బయటి టంకశాలలను మూయించి నాణెం తయారీని రాజధానికి చేర్చడం ఈ బట్టా మీద దెబ్బ. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలో సైఫాబాద్ టంకశాల నుంచి చార్మినార్ బొమ్మతో నాణెం రావడంతో రాజ్యమంతటికీ ఒకే రూపాయి స్థిరపడింది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. పాత నారాయణపేట రూపాయి తక్కువ విలువదని రైతును ముంచిన తేడాయే ఇవాళ సేకరణకర్తకు ఆ నాణెం మీద మక్కువ పెంచుతున్నది. స్థానిక టంకశాల గుర్తు, తప్పుగా పడిన అక్షరం, సగమే అచ్చు పడిన సంవత్సరం అన్నీ నాడు బట్టాకు సాకులు, నేడు వేలంపాట పట్టికల్లో విశేషణాలు.

మెడలోని నాణెం

చెలామణి ఆగిన తరువాత చార్మినార్ రూపాయిలు పోయిన దారులను ఈ ప్రాంతంలో సులభంగానే గుర్తించవచ్చు. 1940లో బ్రిటిష్ ప్రభుత్వం రూపాయిలో వెండిని సగానికి తగ్గించింది. 1947 నాటికి కల్దార్ రూపాయి నికెల్‌కు దిగింది. హైదరాబాదులోనూ ఆ చివరి ఏళ్ళలో బేడ, పావలా, అర్ధరూపాయి నికెల్‌తో వెలువడ్డాయి. వెండి నాణెం, నికెల్ నాణెం ఒకే ధరకు చెల్లుతున్నప్పుడు ఇంటి ఇల్లాలు ఏది ఖర్చు పెడుతుందో, ఏది దాచుకుంటుందో అర్థశాస్త్రం చదవకుండానే చెప్పవచ్చు. 1948 సెప్టెంబరు తరువాత, 1950లలో హాలీ సిక్కా క్రమంగా తప్పుకుంది. అప్పటికే దాచుకున్నవారి చేతుల్లో వెండి మిగిలింది, మార్చుకున్నవారి చేతికి ఏడింటికి ఆరు చొప్పున కొత్త రూపాయలు వచ్చాయి.

దాచిన వెండి ఎక్కువగా ఒంటి మీదికే చేరింది. కాసులపేరు మనకు కొత్త కాదు. లంబాడీ తండాల్లో స్త్రీల హారాలకు, రవికెలకు రూపాయి బిళ్ళలు, పావలాలు కుట్టడం, కొక్కెం అతికించి దండగా గుచ్చడం ఎరిగినదే. నాణేన్ని నగగా మార్చినప్పుడు దాని లోహపు ధర చెక్కుచెదరదు. సేకరణ ధర మాత్రం ఆ క్షణంలోనే పోతుంది. చిల్లు పడిన నాణేన్ని, టంకం గుర్తు ఉన్న నాణేన్ని వేలంలో లోహపు ధరకు కాస్త అటూ ఇటూగానే తీసుకుంటారు. అయితే ఇది నష్టమా? నగ చేయించుకున్న స్త్రీ దృష్టిలో కాదు. ఆమెకు అది సొమ్ము, సింగారం, ఆపదకు ఆసరా. వేలం పట్టికలో 'దెబ్బతిన్నది' అన్న ఒక్క మాట ఆ మూడింటినీ కొట్టివేస్తుంది. చరిత్ర విద్యార్థికి మాత్రం ఆ చిల్లే ఆధారం.

ఆ దండలు చివరికి ఔసలి దగ్గర తూకానికి వస్తాయి. మా ఇంట్లోనే నానమ్మ సొమ్ములో ఉన్న రూపాయి బిళ్ళలు నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో ఒక పట్టణపు దుకాణంలో కరిగాయి. తరుగు తీసి, వెండి పాలు తక్కువని మరికొంత తీసి, మిగిలినదానికి డబ్బు ఇచ్చారు. బిళ్ళల మీద ఏ సంవత్సరం ఉందో ఎవరూ చదవలేదు. చదవగలిగినవారు ఆ రోజు ఇంట్లో లేరు కూడా.

చదువు వెల

సేకరణ ధర అనేది ప్రధానంగా చదువు వెల. చార్మినార్ రూపాయి మీద పై భాగాన కనిపించే 92 సంవత్సరం కాదు. అబ్జద్ లెక్కలో మీమ్ 40, హే 8, మళ్ళీ మీమ్ 40, దాల్ 4, మొత్తం 92. అది ముహమ్మద్ అన్న పేరుకు సంఖ్యారూపం. హిజ్రీ సంవత్సరం వేరే ఉంటుంది, పాలన ఏడు వెనుకవైపు ఉంటుంది, టంకశాల పేరు 'ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్' అని ఉంటుంది. చార్మినార్ నడిమి ద్వారంలోని చిన్న అక్షరమే రాజు గుర్తు. మీమ్ ఉంటే మహబూబ్ అలీఖాన్, ఐన్ ఉంటే ఉస్మాన్ అలీఖాన్. 1911లో ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కిన తొలి దశలో కొన్ని రూపాయల మీద ఐన్ సగమే పడింది, తరువాత పూర్తి ఐన్ వచ్చింది. ఈ సగం అక్షరం సేకరణకర్తలు వెతికే వాటిలో ఒకటి. రెండింటిలోనూ వెండి సమానమే. ధరలో తేడా అంతా ఒక అక్షరం వంపులో ఉంది.

తెలుగు మాత్రమే చదివిన మా తరానికి ఈ లిపి తెలియదు. తెలంగాణ ఇళ్ళలో పాత నాణేలు అమ్మినవారికి వచ్చిన నష్టంలో కొంత భాగం ఈ లిపి అంతరం వల్లనే కలిగిందని నా అభిప్రాయం. రెండు తరాల కింద ఇదే ఊళ్ళలో పట్వారీ లెక్కలు ఉర్దూలో నడిచాయి. తాత చదవగలిగిన నాణేన్ని మనవడు చదవలేక తూకానికి అమ్మాడు.

చదువుకున్నవారు నష్టపోరని కాదు. పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు నేను 1939 నాటి ఆరవ జార్జి రూపాయి ఒకటి కొన్నాను. ఆ ఏటి రూపాయి పేరుపడ్డ అరుదైన నాణెం. అందుకు రెండు నెలల ఉపకారవేతనం పోసాను. బరువు సరిపోయింది, మోత సరిపోయింది. ఏడాది తరువాత భూతద్దం కింద చూసిన ఒక పెద్దాయన, 1938లోని చివరి అంకెను గీకి 9గా దిద్దారని చూపించారు. అమ్మిన మనిషి అప్పటికి ఊళ్ళో లేడు. వెండి నిజమైనదే కాబట్టి గట్టు మిగిలింది, పైన కట్టిన గోడ అంతా కూలింది. తూకానికే తృప్తిపడటం ఆనాటి నా పరిశోధనలో పడిన పెద్ద తప్పు. అంకెకూ అంకెకూ మధ్య ఉన్న నేల గీతలు పడి ఉందా లేదా అన్నది తూకం చెప్పదు.

ఇంటి పట్టున జరిగే మరో నష్టం చింతపండు. నాణెం దొరికింది అనగానే పులుసు పెట్టి తోమి తళతళలాడించడం మనవారి మర్యాద. దేవుడి పటానికైనా, నాణేనికైనా ఒకటే వైద్యం. దశాబ్దాలుగా ఏర్పడిన నల్లని పొరను సేకరణకర్త నాణెపు చర్మంగా భావిస్తాడు. ఆ చర్మం ఒలిచిన నాణేన్ని మళ్ళీ పాతదిగా చేయడానికి మందు లేదు.

చెల్లని కాగితం సైతం ఇలాగే ధర సంపాదించుకున్న ఉదంతం హైదరాబాదు చరిత్రలోనే ఉంది. మొదటి ప్రపంచయుద్ధ కాలపు వెండి కొరత వల్ల 1918లో హైదరాబాదు సొంత కాగితపు నోట్లు తెచ్చుకుంది. అవి ఇంగ్లండులో అచ్చయ్యేవి. 1922 మే 20న ఫ్రాన్సు తీరం దగ్గర 'ఈజిప్ట్' అనే ఓడ మునిగినప్పుడు దానిలోని బంగారం, వెండితో పాటు నిజాం ప్రభుత్వం కోసం వస్తున్న సంతకం కాని నోట్లు కూడా అడుగుకు చేరాయి. 1930ల మొదట్లో ఇటలీకి చెందిన గజఈతగాళ్ళు బంగారం కోసం దిగి ఆ నోట్లనూ పైకి తెచ్చారు. ఖజానాకు అవి ఎందుకూ పనికిరానివి. ఉప్పునీటి మరకతో ఉన్న ఆ నోట్లకు సేకరణకర్తల్లో ఇప్పటికీ గిరాకీ ఉంది.

ఎదురుచూడగలిగినవారి లెక్క

ఇక లాభాన్ని అంకెల్లో చూద్దాం. 1950లో ఒక హాలీ రూపాయి దాచుకున్న కుటుంబాన్ని ఊహిద్దాం. దాని మారకపు విలువ రూపాయిలో ఏడింట ఆరు వంతులు. ఆ సొమ్మును ఏటా ఏడు శాతం చక్రవడ్డీకి వేస్తే 75 ఏళ్ళకు సుమారు 137 రూపాయలు అవుతుంది. వెండి గ్రాముకు వంద రూపాయలు అనుకుంటే నాణెంలోని 9.14 గ్రాములకు 914 రూపాయలు. అంటే ఏమీ చేయకుండా ఊరికే ఉంచుకున్న నాణెం వడ్డీని దాటిపోయింది. అయితే వడ్డీ పది శాతం అనుకుంటే 75 ఏళ్ళకు సుమారు 1,090 రూపాయలై లెక్క తిరగబడుతుంది. మూడు శాతం తేడాతో గెలుపు ఓటములు మారిపోయే ఈ పందెంలో నాణెం గొప్ప పెట్టుబడి అని కానీ, కాదని కానీ గట్టిగా చెప్పేవారిని నేను నమ్మను. మామూలు సంవత్సరపు చార్మినార్ రూపాయికి లోహం మీద వచ్చే అదనం స్వల్పం. కొనేటప్పటి ధరకూ అదే వ్యాపారి తిరిగి తీసుకునే ధరకూ ఉండే తేడా చాలాసార్లు ఆ అదనాన్ని మింగేస్తుంది.

కానీ అసలు లోపం ఈ లెక్కలోనే ఉంది. మంజీరా తీరపు రైతుకు నాణేనికి ప్రత్యామ్నాయం బ్యాంకు డిపాజిట్ ఎన్నడూ కాదు, అప్పు. నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి ఇరవై నాలుగు. ఇంట్లో వెండి పెట్టుకొని బయట ఆ మిత్తి కట్టే కుటుంబానికి ఏ చార్మినార్ రూపాయీ లాభం తేదు. అందుకే కరువు ఏట, పెండ్లి ఏట నాణెం ఇల్లు విడిచింది. అవసరం ఉన్నవాడు తూకానికి అమ్మాడు. ఎదురుచూడగలిగినవాడు కొని పెట్టెలో పెట్టాడు. ఇరవై ఏళ్ళ తరువాత ఆ పెట్టెకు పలికిన ధరను 'అభిరుచి వల్ల వచ్చిన లాభం' అంటున్నాం. అందులో ఎంత భాగం అభిరుచిది, ఎంత భాగం అవతలివాడి అవసరానిది?

పై అంతస్తులో సైతం ఎదురుచూపు ఫలించకపోవచ్చు. నిజాం కుటుంబం చేతిలో ఉండిన జహంగీరు కాలపు వెయ్యి తులాల బంగారు మొహరు, దాదాపు పన్నెండు కిలోలది, 1987లో జెనీవాలో వేలానికి వచ్చి అమ్ముడుపోలేదు. కొనేవాడు లేనంతవరకు ధర అంచనాగానే ఉండిపోతుంది. మరో అంచున, ఐదు రూపాయల నోటుకు, గుడి బొమ్మ ఉన్న నాణేనికి లక్షలిస్తామని ముందుగా 'రుసుము' కట్టించుకునే మోసాలు ఎంతగా ప్రబలాయంటే, 2021 ఆగస్టులో తమ పేరు వాడుకుంటున్నవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకే ప్రకటన ఇవ్వాల్సివచ్చింది.

మట్టిలోని నాణెం

ఇంటి నాణెం సంగతి ఇది. నేలలో దొరికిన నాణెం సంగతి వేరు. నష్టం అన్న మాటకు అక్కడ అర్థం మారుతుంది.

1878 నాటి భారత నిక్షేప చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. నూరేళ్ళకు పైగా భూమిలో దాగి, సొంతదారు తేలనిదైతే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవారికి ముప్పాతిక వంతు, భూమి యజమానికి పావు వంతు. ప్రభుత్వం దాన్ని తానే తీసుకోదలిస్తే లోహపు విలువ, దానిపై ఐదో వంతు చెల్లిస్తుంది. ఈ ఐదో వంతును గమనించాలి. చట్టం దృష్టిలో ప్రాచీన నాణెం అంటే లోహం, దానిపై ఇరవై శాతం బహుమానం. శాతవాహనుల రాగి నాణెం ఒకటి ఈ సూత్రానికి పెడితే వచ్చేది కొన్ని రూపాయలు. బయటి సేకరణకర్త అంతకు ఎన్నో రెట్లు ఇస్తాడు. అప్పుడు దొరికినవాడు ఏం చేస్తాడు? చెప్పకుండా అమ్ముతాడు. కొన్నవాడు ఎక్కడ దొరికిందో అడగడు, అడిగినా రాసి ఉంచడు. నూరేళ్ళు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి కూడా వస్తుంది కాబట్టి మౌనమే అందరికీ క్షేమం.

ఈ మౌనం వల్ల ఏం పోతుందో తెలియాలంటే గోదావరి తీరపు కోటిలింగాలను చూడాలి. వానలకు మట్టి కొట్టుకుపోయినప్పుడు అక్కడ పైకి తేలిన చిన్న నాణేలను స్థానికులు ఏరి ఉంచారు. పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటి మీది లేఖనాలను చదివి గోబద, నారన, కంవాయ, సమగోప అనే శాతవాహన పూర్వ పాలకుల పేర్లను వెలికి తెచ్చారు. చిముకుని నాణేలు కూడా అక్కడే దొరకడంతో శాతవాహనుల తొలినాళ్ళను గురించిన చర్చ తెలంగాణ వైపు మళ్ళింది. నాడీ శస్త్రవైద్యులైన దేమె రాజారెడ్డి వంటి సేకరణకర్తలు ఈ నాణేల అధ్యయనంలో పాలుపంచుకోవడం గమనించదగినది. ఏరిన రైతు, చేరవేసిన స్థానికుడు, చదివిన పండితుడు ముగ్గురూ 'ఇది కోటిలింగాలది' అన్న ఒక్క వాక్యాన్ని పోగొట్టకుండా అందించారు. అదే నాణేలు ఊరి పేరు లేకుండా ఏదో నగరపు పెట్టెకు చేరి ఉంటే వాటి అంగడి ధర బహుశా ఇంతే ఉండేది, మన ప్రాచీన చరిత్రలో ఒక అధ్యాయం మాత్రం ఉండేది కాదు. అభిరుచి గల సేకరణకర్తను దొంగగా చూసే ధోరణితో నేను ఏకీభవించను. ఐదో వంతు అదనంతో నిజాయితీని కొనవచ్చనుకునే చట్టంతో అంతకన్నా ఏకీభవించను. లోహపు విలువకు బదులు చారిత్రక విలువను నిపుణుల చేత కట్టించి, దొరికిన చోటును ధ్రువీకరించినవారికి అందులో వాటా ఇస్తే చెప్పేవారు పెరుగుతారు.

నిజాంసాగర్ ఎండాకాలం అడుగంటినప్పుడు పూడిక మేటల మీద మునిగిన ఊళ్ళ ఆనవాళ్ళు వెతుకుతూ తిరిగేవారు ఉన్నారు. 29.72 టీఎంసీలతో మొదలైన జలాశయం పూడికతో ఎంతో కుంచించుకుపోయింది. ఆ పూడిక కింద ఇళ్ళ పునాదులు ఉన్నాయి. అక్కడ దొరికే ఒక్కో పైసా ఏ ఊరిదో ఇప్పుడు చెప్పగల వృద్ధులు వేళ్ళ మీద లెక్కించదగినంత మందే.

గత సంవత్సరం మా విద్యార్థిని ఒకామె నిజాంసాగర్ మండలంలోని తన ఇంటి నుంచి ఆరు చార్మినార్ రూపాయలు గుడ్డలో మూటగట్టి తెచ్చింది. నాలుగింటికి కొక్కేలున్నాయి. ఒక్కొక్కటి తూచి, హిజ్రీ సంవత్సరం, ద్వారంలోని అక్షరం, కొక్కెం ఉన్నదీ లేనిదీ విభాగపు రిజిస్టరులో రాసుకున్నాం. అవి ఎవరి మెడలో ఉండేవో, ఆమె పుట్టిల్లు ఏ ఊరో, ఆ ఊరు ఇప్పుడు నీళ్ళలో ఉందో ఒడ్డున ఉందో అడిగి ఆమె నాయనమ్మ చెప్పినది చెప్పినట్టే పక్కన చేర్చాం. ధర అన్న గడిని ఖాళీగా వదిలి మూట ఆమెకే తిరిగి ఇచ్చాం.